ఉప్పు చూడని వంటవాళ్ళు

పార్సిల్ ఇటలీ నుంచి వచ్చిందని పోస్టుమాన్ రెండుసార్లు చెప్పినా మా వాడకట్టులో ఎవరూ నమ్మలేదు. నేను దేశం విడిచి వెళ్ళింది ఒకే ఒక్కసారి, అదీ ఖతార్‌కు. కానీ మావాళ్ళ లెక్కలో సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. పక్కింటి లచ్చవ్వ గడప దాటి లోపలికి వచ్చి, "దుబాయ్ నుంచి బంగారం పంపిండ్రా గంగాధరూ?" అని పెట్టెలోకి తొంగి చూసింది. లోపల పాత గుడ్డలో చుట్టిన ఒక కొయ్య చెంచా ఉంది. బంగారం కాదని తేలేసరికి లచ్చవ్వ ముఖం చిన్నబోయింది. నాదీ చిన్నబోయిందనే చెప్పాలి. చాయ్‌లో చక్కెర కలపడానికి అది పెద్దది, కూర కలపడానికి మరీ చిన్నది. ఒక వైపు అంచు అరిగి అరిగి వంకరపోయింది. దేనికి పనికొచ్చే వస్తువో నాకు అంతుపట్టలేదు. దానితోపాటు ఒక ఉత్తరం ఉంది. ఏడో తరగతి చదివే మా బిడ్డ దాన్ని ఫోన్‌తో తర్జుమా చేసి చదివింది. చెఫ్ ఆల్దో చనిపోయాడట. ఆ చెంచాను నాకు పంపమని ముందే చెప్పి ఉంచాడట. రాసింది ఆయన కూతురు.

ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. చెఫ్ ఆల్దో దగ్గర నేను పని చేసిన కాలం నా జీవితంలో మహా అయితే నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఆయన నాతో చేసిన పనుల్లో సగం నాకు అప్పుడూ అర్థం కాలేదు, తర్వాత ఎంత తవ్వుకున్నా అర్థం కాలేదు.

మాది జగిత్యాల దగ్గర చిన్న ఊరు. మూడు తరాలుగా మా ఇంటి మగవాళ్ళు పెండ్లి వంటలు వండుతున్నారు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరింట దావతైనా మా బాపు గంగాళాలే పొయ్యి ఎక్కాలి. బాపు దగ్గర నుంచి ఎప్పుడూ కట్టెపొగ, వేగిన ఉల్లిగడ్డ కలిసిన వాసన వచ్చేది. తానం చేసినా పోయేది కాదు. మా ఇంటి వంటకు ఒక కట్టుబాటు ఉంది. పోశమ్మ తల్లికి మొదటి ముద్ద పెట్టే వరకు వండినవాడు నోట్లో చుక్క వేసుకోకూడదు. ఉప్పు కూడా చూడకూడదు. చూస్తే వంటంతా ఎంగిలి. వెయ్యి మంది తినే మటన్‌కైనా, పచ్చిపులుసుకైనా ఇదే లెక్క. బాపు మూత తీసి, ఆవిరిని అరచేత్తో ముక్కు వైపు విసురుకుని, మరుగు చప్పుడు విని, ఎటో చూస్తూ గుప్పెడు ఉప్పు విసిరేవాడు. దించే ముందు మాత్రం "దిష్టి తగుల్తది, అవుతలికి పోండ్రి" అని అందర్నీ తరిమేవాడు. తడిగుడ్డ ఒకటి గంగాళం మీదికీ తన తల మీదికీ కప్పుకుని ఆవిరి పట్టి చూసేవాడు. గుడ్డ తీసి "దించుండ్రి" అన్నాడంటే ఇక ఆ వంటకు తిరుగులేదు. ఆ పొగలో నా బతుకు తెల్లారకూడదని నేను గల్ఫ్ ఏజెంటును పట్టుకుని విమానమెక్కాను. ఆఫీస్ బాయ్ పని అన్నాడు ఏజెంటు. దిగాక తెలిసింది, నన్ను తీసుకున్నది ఒక క్లీనింగ్ కంపెనీ అని. ఆ కంపెనీ నన్ను దోహాలో కొత్తగా తెరుస్తున్న ఓ పెద్ద హోటల్ వంటగదిలో గిన్నెలు తోమడానికి పంపింది. పొయ్యి నుంచి పారిపోయినవాణ్ణి మళ్ళీ పొయ్యి పక్కకే వచ్చి పడ్డాను.

అవి ప్రపంచ కప్పు కోసం దేశమంతా తవ్విపోసిన రోజులు. మా క్యాంప్ అల్ వుకైర్ వైపు ఉండేది. డ్యూటీ బస్సు నిన్న పోయిన దారిలో ఇవాళ పోయేది కాదు. నిన్న రోడ్డు ఉన్న చోట పొద్దునకల్లా మెట్రో కోసం గొయ్యి ఉండేది. అల్ సద్‌లో ఒక మలయాళీ టీ దుకాణాన్ని గుర్తు పెట్టుకుని సెలవు రోజు తిరిగి వస్తే, దాని ముందు రేకుల గోడ లేచి దుకాణమే కనబడలేదు. ఎక్కడ చూసినా క్రేన్లు, పసుపు టోపీలు. మా జిల్లా పిల్లలు స్టేడియాల దగ్గర ఎండలో పని చేస్తుంటే నేను ఏసీలో గిన్నెలు తోముతున్నానని నన్ను అదృష్టవంతుడనేవారు. నిజమే, కాదనను. కానీ ఆ వంటగదిలో ఏం జరుగుతోందో నాకు బొత్తిగా తెలిసేది కాదు. ఇంత పెద్ద పళ్ళెంలో మూడు ముక్కలు పెట్టి, పక్కన ఆకు ఒకటి ఆనించి పంపేవారు. అది తిని మనుషులు కళ్ళు మూసుకుని ఆహా అనేవారు. ఆ మూడు ముక్కలకు ఇరవై గిన్నెలు మాసేవి. అది మాత్రం నాకు బాగా తెలిసేది.

ఆ వంటగదికి దేవుడు చెఫ్ ఆల్దో. అరవైకి దగ్గర పడిన మనిషి, పొట్టి, నెరిసిన మీసం, కోపం వస్తే చెవులు ఎర్రబడేవి. ఆయన కథ నాకు ముక్కలు ముక్కలుగా, ముందుది వెనకగా తెలిసింది. చెప్పింది సత్యంగారు. భీమవరం దగ్గరి మనిషి, హోటల్ చదువు చదివి చెఫ్ తర్వాత రెండో స్థానంలో ఉన్నాడు. చెఫ్ మాటలు నాకు తెలుగులో చెప్పేవాడు ఆయనే. చెఫ్ వాళ్ళ తాత ఒక నది వంతెన పక్కన పదకొండు బల్లల పూటకూళ్ళ ఇల్లు నడిపాడట. నాయనమ్మ పొయ్యి దగ్గర, తండ్రి బల్లల దగ్గర. పదిహేడేళ్ళకు ఆల్దో ఇల్లు వదిలి ఫ్రాన్స్ పోయి అక్కడ గిన్నెలు తోమాడట. ఇది విన్నాక గిన్నెలు తోముతున్నప్పుడు నా వీపు కొంచెం నిటారైంది. తిరిగి వచ్చి ఇంటి వంటలన్నీ తీసేసి మూడు ముక్కల పళ్ళేలు మొదలుపెడితే తండ్రి ఏళ్ళ తరబడి మాట్లాడలేదట. పెద్ద పేరు వచ్చింది, గొప్ప హోటళ్ళకిచ్చే నక్షత్రాలు వచ్చాయి, టీవీల్లో చూపించారు, దేశదేశాల నుంచి జనం ఆ వంతెన దగ్గరికి వచ్చి వరస కట్టారు. చివరికి తండ్రి ఒకనాడు వచ్చి కూచుని, అన్నీ తిని, "బల్లమీద గుడ్డ బాగుంది" అని లేచిపోయాడట. సత్యంగారు ఇది చెప్పి విరగబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా బాపు కూడా అచ్చం అలాగే అంటాడు.

ఆ వంటగదిలో ఒక చట్టం ఉండేది. వంట చేసే ప్రతివాడి కోటు చేతికున్న జేబులో ఒక స్టీలు చెంచా ఉండాలి. పొయ్యి మీదున్న ప్రతిదాన్నీ రుచి చూడాలి. కడిగి మళ్ళీ చూడాలి. రుచి చూడకుండా పళ్ళెం పంపినవాడికి మర్నాడు ఆ వంటగదిలో పని లేదు. చెఫ్ బతుకంతా ఆయన నాలుక మీద నిలబడింది. మరో చట్టం, సాయంత్రం నాలుగింటికి స్టాఫంతా ఒకే బల్ల దగ్గర కూచుని తినాలి, రోజుకొకరు తమ ఊరి వంట వండాలి. గిన్నెలు తోమేవాళ్ళకు కూడా వంతు వచ్చేది. నా వంతు నాడు బగారా అన్నం, కోడికూర, పచ్చిపులుసు చేశాను. చెఫ్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. మర్నాడు నన్ను కోళ్ళ చారు పొయ్యి దగ్గర నిలబెట్టాడు.

ఆ చారు గురించి చెప్పాలి. ముసలి కోళ్ళను ఉల్లిగడ్డ, క్యారెట్‌తో పొద్దంతా సన్న మంట మీద కాచి, వడగట్టి, అందులో గవ్వలంత మైదా పొట్లాలు వేసి ఇస్తారు. వాళ్ళు బ్రోదో అంటారు. కంటికి వట్టి నీళ్ళలా ఉంటుంది. చెఫ్ నాయనమ్మ వంటల్లో ఆయన తీసేయకుండా ఉంచుకున్నది అదొక్కటే. దానికి మాత్రం ఎప్పుడూ తృప్తిపడేవాడు కాదు. రోజూ రుచి చూసి, తల అడ్డంగా ఊపి, "నాట్ యెట్, గంగా" అనేవాడు. నాకు చెంచా ఇచ్చారు, కోటు ఇచ్చారు. కానీ కాగితాల మీద నేను ఇంకా క్లీనింగ్ కంపెనీ మనిషినే. చెఫ్ రాసిస్తే వంటవాడిగా మారతాను, లేదంటే కంపెనీ నన్ను ఎప్పుడైనా వేరే సైటుకు పంపేయొచ్చు. నా భయమంతా అదే. ఆ చారే నాకు దారి.

అంతటి అవసరంలో ఉండి కూడా నేను ఆ చారును నోట్లో పెట్టలేదు. చెంచా ముంచేవాణ్ణి, పెదవుల దాకా తెచ్చేవాణ్ణి, తల అటు తిప్పి సింకులో వంచేవాణ్ణి. అక్కడ పోశమ్మ లేదు, మొదటి ముద్ద లేదు, ఎంగిలి అన్న మాటే ఎవరికీ తెలియదు. అయినా చెయ్యి ఒప్పుకునేది కాదు. ఆర్నెల్లు గడిచాక సత్యంగారి కంటబడ్డాను. "ఏవయ్యా గంగాధరం, మమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తున్నావా? ఇన్నాళ్ళూ నువ్వు ఉప్పే చూడలేదా?" అని చెయ్యి పట్టుకుని చెఫ్ ముందు నిలబెట్టాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"మా ఇంట్ల వండినోడు ముందుగాల నోట్ల వెట్టడు సార్. ఎంగిలైతది. మా బాపు వెయ్యి మందికి వండుతడు, ఒక్కనాడు ఉప్పు జూడలే" అన్నాను. సత్యంగారు ఎంగిలిని ఇంగ్లీషులోకి మార్చడానికి నానా తిప్పలు పడ్డాడు. చెఫ్ చెవులు ఎర్రబడతాయని చూస్తున్నాను, ఎర్రబడలేదు. మూడు గిన్నెల్లో చారు పోయించాడు, ఒకదాంట్లో ఉప్పు లేదు, ఒకదాంట్లో సరిపడా, ఒకదాంట్లో ఎక్కువ. వాసన చూసి చెప్పమన్నాడు. ఎక్కువైంది సరిగ్గా చెప్పాను, మిగతా రెండూ తారుమారు చేశాను. కారణం నాకు తెలుసు. మా ఊళ్ళో ఆవిరి నేరుగా ముక్కుకు వస్తుంది. అక్కడ పొయ్యి మీదున్న పొగగొట్టం ఫ్యాను ఆవిరిని పుట్టీపుట్టకముందే లాగేసుకునేది. చెఫ్ పకపకా నవ్వాడు. తర్వాత గొంతు మార్చి చాలాసేపు ఏదో చెప్పాడు. సత్యంగారు విని, నన్నోసారి చూసి, తెలుగు చేశాడు.

"ఆయన నాయనమ్మగారు ఆదివారం పొద్దున్నే ఈ చారు కాచేవారుట. చర్చిలో ప్రసాదం పుచ్చుకునేదాకా ఆవిడ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరుట. అందుకని ఉప్పు చూసేవారు కాదుట. వంటింటి తలుపేసుకుని, ఎవర్నీ రానిచ్చేవారు కాదుట. అలా రుచి చూడకుండా కాచిన చారే ఈయన పుట్టి బుద్ధెరిగాక తిన్న వాటిల్లో గొప్పదిట. నలభై ఏళ్ళ నుంచీ రుచి చూసి చూసి కాస్తున్నా ఆ రుచి రావట్లేదుట. ఇంక నువ్వు కాచింది నువ్వూ చూడొద్దు, ఆయనా చూడరుట." ఆఖరి మాట చెప్పేటప్పుడు సత్యంగారి ముఖంలో నెత్తురు లేదు. ఎందుకంటే ఆ వారంలోనే హోటల్ యజమానుల విందు ఉంది. కప్పు రోజుల్లో వచ్చే అతిథులకు వండే పని చెఫ్‌కు ఇవ్వాలా, మరో పేరున్నవాడికి ఇవ్వాలా అని తేల్చేది ఆ మధ్యాహ్నమే. మరొకడికి ఇస్తే ఈ వంటగది మూతపడినట్టే. ఆ విందుకు మొదటి వడ్డన ఈ చారు.

ఆయన నన్ను నమ్మాడా, నా మీద ఏదైనా ప్రయోగం చేస్తున్నాడా, వయసు మీదపడి మతి తప్పిందా, ఏదీ తేలలేదు. ఇంత పేరున్న మనిషి తన పేరంతా గిన్నెలు తోమేవాడి ముక్కు మీద ఎందుకు పెడతాడు? అడుగుదామంటే నా దగ్గర అంత ఇంగ్లీషు లేదు. సత్యంగారిని అడిగితే "నన్నడక్కు, నాకే బుర్ర తిరిగిపోతోంది" అన్నాడు.

విందు నాడు చారు వడగట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. వడ్డనకు కాస్త ముందు చెఫ్ కోటు మార్చుకోవడానికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ అందర్నీ "యల్లా, యల్లా" అని బల్లలు సర్దడానికి బయటికి తరిమాడు. నేనూ ఆ గిన్నే మిగిలాం. ఉప్పు వేశాను. అరచేత్తో ఆవిరి విసురుకున్నాను. ఫ్యాను లాగేసింది. ఇంకా వంగాను, ముక్కు కాలింది, వాసన తెలియలేదు. ఆ క్షణాన నాకు నా కాగితాలు గుర్తు రాలేదు, నిజంగా చెబుతున్నాను. "బల్లమీద గుడ్డ బాగుంది" అన్న తండ్రి, నలభై ఏళ్ళ పాటు ఒక చారు కోసం తిరిగిన ఈ ముసలాయన గుర్తొచ్చారు. తల్లీ, నన్ను మన్నించు అనుకుని జేబులో చెంచా తీసి, కళ్ళు మూసుకుని, తాగాను. చప్పగా ఉంది. ఇంకో గుప్పెడు వేసి, మళ్ళీ తాగాను. గుప్పెట్లో సగం వేశాను. చెంచాను కడగాలన్న ధ్యాస లేక అలాగే జేబులో దోపాను.

విందు నెగ్గింది. యజమానులు లోపలికి వచ్చి చెఫ్‌ను కౌగిలించుకున్నారు. నాలుగింటికి స్టాఫ్ బల్ల దగ్గర చెఫ్ మిగిలిన చారు పోసుకుని తాగాడు. కింద పెట్టాడు. మళ్ళీ తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. సత్యంగారితో ఒకే మాట అన్నాడు, "వాళ్ళ నాయనమ్మ చారుట ఇది" అని ఆయన నాకు చెప్పాడు. తర్వాత చెఫ్ లేచి నా దగ్గరికి వచ్చాడు. నా జేబులో చెంచా పైకి తీశాడు. దాని మీద చారు మరక ఎండిపోయి ఉంది. ఆయన తన ఏప్రన్ కొసతో దాన్ని శుభ్రంగా తుడిచి, మళ్ళీ నా జేబులో పెట్టి, జేబు మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచీ నా తలలో పురుగు తొలిచినట్టే ఉంది. కనిపెట్టాడా, లేదా? కనిపెడితే ఎందుకు తిట్టలేదు? కనిపెట్టకపోతే ఎందుకు తుడిచాడు? చెప్పేద్దామని రెండుసార్లు వెళ్ళి, కళ్ళలో నీళ్ళు తెచ్చిన చారును ఎంగిలిదని ఎలా చెప్పనని తిరిగి వచ్చాను. వారం తిరిగేసరికి నా కాగితాలు మారాయి, వంటవాణ్ణయ్యాను. ఆ వారం బాపుకు ఫోన్ చేసినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "దుబాయ్ల వంటోనివైనవట. ఎంగిలి జేస్తలేవు గద?"

"లే బాపూ" అన్నాను.

బాపు, "పొయ్యి కాడ ఒక్కనివే ఉంటవా, ఎవలన్న ఉంటరా?" అన్నాడు.

"ఒక్కన్నే ఉంట."

"అయితె మంచిదే" అన్నాడు బాపు, ఏదో బరువు దిగినట్టు. ఆ ప్రశ్న ఎందుకడిగాడో, దేనికి మంచిదో నాకు తెలియలేదు. అబద్ధమాడినందుకు సిగ్గుపడి ఫోన్ పెట్టేశాను.

కప్పు మొదలయ్యే ముందే చెఫ్ ఒంట్లో బాగాలేక తన ఊరికి వెళ్ళిపోయాడు. పోయే రోజు నా ఊరి చిరునామా తన పుస్తకంలో రాయించుకున్నాడు. కప్పు రోజులు ఎలా గడిచాయో నన్నడగొద్దు, నేను చూసింది చారు గిన్నె ఒక్కటే. ఆ తర్వాత నేనూ ఇంటికి వచ్చేశాను. వచ్చిన ఏడాదికే బాపు పోయాడు. ఏ పొగ నుంచి పారిపోయానో ఆ పొగలోకే వచ్చి ఆయన గంగాళాలు నా చేతికి తీసుకున్నాను. ఇప్పుడు అన్నీ ఫంక్షన్ హాళ్ళు, కట్టెల బదులు గ్యాసు, వంటవాళ్ళ మీద కెమెరాలు. నా కింద పని చేసేవాళ్ళు ప్రతి పది నిమిషాలకూ గంటెతో తీసి చప్పరిస్తారు. వద్దంటే, "ఏ కాలంల ఉన్నవన్నా" అంటారు. వాళ్ళు చేసేది తప్పని గట్టిగా చెప్పే నోరు నాకు లేదు. మా ఇంటి కట్టుబాటు నాతోనే తెగిపోయిందని లోపల ఒక బాధ ఉండేది.

ఇప్పుడు ఆ ఉత్తరం సంగతి. మా బిడ్డ మొదట చావు కబురు, చెంచా నాకు పంపమన్న మాట వరకే చదివి ఆగిపోయింది. మర్నాడు మిగతాది చదివించుకున్నాను. చెఫ్ కూతురు ఇలా రాసింది. నాన్న నాయనమ్మ చనిపోయిన తర్వాత, చాలా ఏళ్ళకు, ఆ పాత వంటింటిని కొత్తగా కట్టేటప్పుడు తలుపు ఊడదీశారట. ఆ తలుపు వెనక, వేసుకుంటే తప్ప కనబడని చోట, ఒక మేకుకు ఈ చెంచా వేలాడుతూ ఉందట. దేనికి వాడేదో నాన్నకు చాలాకాలం తెలియలేదట. దోహా నుంచి వచ్చాక ఒకనాడు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నవ్వి, ఇది గంగాకు పంపు, వాడికి తెలుస్తుంది అన్నాడట.

నేను చెంచాను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. అరిగిన వైపు పెదవికి ఆనించి చూశాను. సరిగ్గా కుదిరింది. ప్రసాదం తీసుకోకముందు మంచినీళ్ళు ముట్టని ఆ ముసలమ్మ, తలుపు వేసుకుని, ఎన్ని ఆదివారాలు చేసిందో ఆ పని. చెఫ్ నా చెంచా తుడిచింది నా తప్పు కప్పడానికా, నేను వాళ్ళ ఇంటివాణ్ణయ్యానని చెప్పడానికా? ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేను. కానీ ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. తడిగుడ్డ. గంగాళం మీదికీ తల మీదికీ కప్పుకుని, అందర్నీ అవతలికి తరిమి, ఆవిరి పట్టి చూస్తున్నానన్న మా బాపు. "పొయ్యి కాడ ఒక్కనివే ఉంటవా?" అని ఫోన్లో అడిగిన మా బాపు. ఉన్నప్పుడు అడగడం తోచలేదు, తోచినప్పుడు ఆయన లేడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మా ఆవిడ భయపడి నీళ్ళు తెచ్చింది.

మొన్న ధర్మపురి దగ్గర ఒక పెండ్లి. ఎనిమిది వందల మందికి మటన్. దించే వేళకు మా పిల్లలు గంటెలు పట్టుకుని గంగాళం చుట్టూ మూగారు. నేను భుజం మీది తువ్వాలు తడిపి తెచ్చి, "దిష్టి తగుల్తది, అవుతలికి పోండ్రి" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని దూరం జరిగారు. తడిగుడ్డ తల మీద కప్పుకుని, జేబులోంచి కొయ్య చెంచా తీశాను.